మేలుకోని యంత్రం

రాత్రి మూసిపెట్టిన ల్యాప్‌టాప్ తెల్లవారి మీట నొక్కితే పలకదు. తెర చీకటిగానే ఉంటుంది. ఆనాడే ప్రాజెక్టు నివేదిక సమర్పించవలసిన విద్యార్థికి మొదట కలిగేది భయం, ఆ వెంటనే తొందర. మీటను పదేపదే నొక్కుతాడు, చివరకు ఎవరో చెప్పారని డిస్కును ఫార్మాట్ చేయిస్తాడు. యంత్రం బాగుపడుతుంది, రెండేళ్ళుగా కూడబెట్టుకొన్న పాఠాలు, ఛాయాచిత్రాలు తుడిచిపెట్టుకుపోతాయి. నిజానికి ఆ యంత్రానికి పట్టిన జబ్బు డిస్కులో లేకపోయి ఉండవచ్చు.

కంప్యూటరు మేలుకోవడాన్ని 'బూటింగ్' అంటారు. తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని పైకి లేవడమనే ఆంగ్ల నానుడి నుంచి ఈ మాట పుట్టింది. మీట నొక్కగానే మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండే చిన్న ప్రోగ్రాము ముందుగా మేల్కొంటుంది. పాత యంత్రాలలో దీనిని బయాస్ అనేవారు. కొత్తవాటిలో దాని స్థానంలో యు.ఇ.ఎఫ్.ఐ. వచ్చింది. అది ర్యామ్ మొదలైన అవయవాలను పరీక్షించి, డిస్కులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలిచి, దానికి పెత్తనం అప్పగిస్తుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా యంత్రం లేవదు. ఎక్కడ తెగిందో తెలుసుకోవడమే మరమ్మతులో మొదటి పని. ఇందుకు పనిముట్ల కంటె పరిశీలన ముఖ్యం.

చిన్న దీపం కూడా వెలగకపోతే లోపం విద్యుత్తు సరఫరాలో ఉండవచ్చు. గోడ సాకెట్టును, ఛార్జరును మార్చి చూడాలి. ఛార్జరు తీసివేసి మీటను అర నిమిషంపాటు నొక్కి ఉంచితే లోపల మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. ఇంత చిన్న ఉపాయంతోనే లేచి కూర్చున్న యంత్రాలు ఎన్నో! దీపం వెలిగి, ఫ్యాను తిరుగుతూ, తెర మాత్రం నల్లగా ఉంటే అనుమానం ర్యామ్ మీదికో తెర మీదికో పోతుంది. టార్చి వెలుతురులో తెరపై అక్షరాలు లీలగా కనిపిస్తే, పోయినది తెర వెనుక దీపమే. తయారీ సంస్థ గుర్తు కనిపించి, ఆపైన బూట్ డిస్కు లేదన్న సందేశం వస్తే, డిస్కును నిందించడానికి ముందు ఏదైనా పెన్‌డ్రైవ్ తగిలించి మరచిపోయారేమో చూడాలి.

అవయవాలన్నీ ఆరోగ్యంగా ఉన్నా యంత్రం లేవకపోవచ్చు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన నవీకరణ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర దగ్గరే ఆగిపోయాయి. హైదరాబాదు నుంచి బయలుదేరిన కొందరు విమాన ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. సంస్థ 78 నిమిషాలలోనే తప్పు దిద్దుకొన్నది. కాని లేవలేని యంత్రానికి ఆ దిద్దుబాటు చేరేదెలా? సిబ్బంది చాలాచోట్ల ఒక్కొక్క యంత్రం దగ్గరకు వెళ్ళి, దానిని సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒకే ఒక్క ఫైలును తొలగించారు. అక్కడితో అవి మామూలుగా లేచాయి. అత్యవసరమైన కొద్ది ప్రోగ్రాములతోనే యంత్రాన్ని నడిపించే ఈ సేఫ్ మోడ్ ఇంటి ల్యాప్‌టాప్‌కూ అందుబాటులో ఉన్నదే.

అదీ ఫలించకపోతే, ఫార్మాట్ చేయడానికి ముందు సమాచారాన్ని బయటకు తీయాలి. లైనక్స్ నింపిన పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి ఫైళ్ళను వేరొక డిస్కులోకి నకలు చేసుకోవచ్చు. పాత రకం హార్డ్‌డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఈ ప్రయత్నం తగదు. ప్రతి యత్నంతోనూ నష్టం పెరుగుతుంది. దానిని నిపుణునికి అప్పగించాలి. నీళ్ళు పడిన యంత్రాన్ని ఆరకముందే వెలిగించి చూడడమూ ఇటువంటి పొరపాటే.

ఇంకొక చిక్కున్నది. విండోస్ యంత్రాలు పెక్కింటిలో డిస్కు గూఢలిపిలో భద్రమై ఉంటుంది. దానిని బయటి నుంచి తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. దానిని కాగితంపైనో మరొక చోటనో రాసిపెట్టుకొన్నవారికి పని సులువు. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకొన్నవారి అవస్థ వేరుగా చెప్పనక్కరలేదు.