నడుము వంగకపోతే బోరునీళ్ల వైపు కూడా చూడండి

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు. పత్తికొండ దగ్గర పల్లె మాది. ఐదారేళ్లుగా ఆయనకు మెడ, నడుము పట్టేశాయి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పలేడు, మనిషి మొత్తం తిరగాల్సిందే. కింద పడిన టవల్ తీసివ్వడానికి కూడా మనవణ్ణి కేకేస్తాడు. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు చాలా గట్టిగా ఉన్నాయన్నారు. సంతోషపడ్డాం. మరి ఈ బాధ ఎందుకు? వాతం మాత్రలు మింగుతూనే ఉన్నాడు.
- ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ఎముకలు చాలా గట్టిగా ఉన్నాయన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అది సంతోషించాల్సిన కబురు కాకపోవచ్చు. వయసుతో అరిగిన వెన్నులో పూసల మధ్య సందు తగ్గుతుంది, అంచుల్లో ముళ్లలా ఎముక పెరుగుతుంది. అంతేగానీ పూసలన్నీ ఎక్స్‌రేలో సుద్దముక్కల్లా తెల్లగా కనిపించవు. అలా కనిపించి, మెడా నడుమూ రెండూ బిగుసుకుపోయాయంటే, మన సీమలో ముందు అనుమానించాల్సింది ఫ్లోరోసిస్‌నే.

నీళ్లతో పాటు ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది ఎముకలో దాక్కుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎముక మందమవుతుంది గానీ దాని నాణ్యత పడిపోతుంది. అసలు చిక్కు ఎముకలో కంటే దాన్ని కట్టి ఉంచే లిగమెంట్లలో ఉంది. సాగాల్సిన ఈ పట్టీలకు సున్నం పట్టి, చివరికి అవే ఎముకలా మారతాయి. మీ నాయన తల తిప్పలేకపోవడం ఇందువల్లే కావచ్చు. ముదిరితే వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లలో బలం తగ్గుతుంది. నడకలో తడబాటు మొదలైతే మాత్రం ఆలస్యం చేయకండి.

ఇంట్లో మూడు పనులు చేయించి చూడండి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోమనండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులూ ఎత్తి మెడ వెనక కలపమనండి. ఇవి చేతకాకపోతే ఫ్లోరోసిసేనని కాదు, పరీక్ష చేయించాలని అర్థం. వెన్నుతో పాటు ముంజేతికీ ఎక్స్‌రే తీయమని అడగండి. అక్కడి రెండు ఎముకల నడుమ ఉండే పల్చటి పొరకు సున్నం పట్టి ఉంటే జబ్బు దాదాపు తేలిపోయినట్టే. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంది. ఊళ్లో పిల్లల పళ్లు చూడండి, గోధుమరంగు అడ్డచారలు కనబడతాయేమో. పెద్దవాళ్ల పళ్లను బట్టి మాత్రం చెప్పలేం. పళ్లు తయారయ్యే వయసులో మంచి నీళ్లు తాగినవాళ్లకు ఆ తర్వాత ఎముకలు చెడినా చారలు రావు.

ఇదే బిగింపు పాతికేళ్ల కుర్రాడికి వచ్చి, తెల్లవారి లేవగానే ఎక్కువగా ఉండి పనిలో పడ్డాక సడలుతుంటే అది వేరే జబ్బు, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. దాని దారి వేరు.

ఇక నీళ్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. చేదబావులు ఎండిపోయి, బోర్లు వందల అడుగుల కిందికి దిగాక, గ్రానైట్ రాళ్ల మధ్య ఏళ్లకేళ్లు నిలిచిన నీళ్లు మన బిందెల్లోకి వచ్చాయి. రాతిలోని ఫ్లోరైడ్ అందులో కరిగి ఉంటుంది. రంగూ రుచీ ఉండవు, నాలుక పట్టుకోలేదు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా మనకు దూరంగా ఏమీ కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, 1937లో. పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది కాబట్టి మీరు తాగే బోరు నీళ్లనే గ్రామీణ నీటి సరఫరా వారి ప్రయోగశాలకు పంపండి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో నీళ్లు, వాన నీళ్లు, నదినీటి పథకం కుళాయి, వీటిలో ఏది అందితే అది తాగడానికీ వంటకీ వాడండి. వంట సంగతి చాలామంది మర్చిపోతారు. సంకటి ఉడికేది కూడా ఆ నీళ్లలోనే కదా!

పేరుకున్న ఫ్లోరైడ్‌ను కడిగేసే మందు లేదు. ఉందని అమ్మేవాళ్లను నమ్మకండి. నీళ్లు మారిస్తే జబ్బు ముదరడం తగ్గుతుంది, నొప్పులు కొంత సడలుతాయి. ఒంట్లో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ మరింత చెరుపు చేస్తుంది. రాగిసంకటి, మజ్జిగ, ఆకుకూరలు, జామ, ఉసిరి పెట్టండి. టీ తగ్గించండి, నల్లుప్పు మానేయండి.

ప్రశ్న: బేతంచెర్లలో నాపరాళ్ల ఫ్యాక్టరీలో పని. వయసు 34. నడుము నుంచి ఎడమ పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగుతోంది. ఎమ్మారైలో డిస్క్ ఉబ్బిందన్నారు. రోజూ నొప్పిమాత్ర వేసుకుని పోతున్నా. ఆపరేషన్ తప్పదా?

జవాబు: చాలామందికి తప్పుతుంది. ఆరు వారాల్లో ఎక్కువమందికి కాలి లాగుడు తగ్గుముఖం పడుతుంది. మంచం పట్టకండి. ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు, ఆ తర్వాత మెల్లగా నడవాలి.

మీ పనిలో ఒక లెక్క చూడండి. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న పలక పాతిక కిలోలు తూగుతుంది. ముందుకు వంగి, చేతులు చాచి దాన్ని పట్టుకుంటే బరువు వెన్నుకు 20 అంగుళాల దూరంలో ఉంటుంది. దాన్ని ఆపే వెన్ను కండరాలేమో పూసలకు రెండంగుళాల దూరంలోనే ఉన్నాయి. అంటే అవి పది రెట్ల బలంతో, 250 కిలోల లెక్కన లాగాలి. ఆ ఒత్తిడంతా డిస్క్ మీదే. మోకాళ్లు వంచి, పలకను పొట్టకు ఆనించుకుని లేపితే ఇందులో సగం పైగా తగ్గుతుంది. పట్టుకుని నడుం తిప్పకండి, పాదాలు తిప్పండి. మీకు తీరిక ఇవ్వని మేస్త్రీకి ఈ లెక్క చూపించండి, పని చేస్తుందో లేదో మరి!

నొప్పిమాత్ర సంగతే నన్ను ఎక్కువ భయపెడుతోంది. 42 డిగ్రీల ఎండలో, చెమటకు ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు రోజూ డైక్లోఫెనాక్ లాంటివి మింగితే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరి పట్టినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూస క్షయ ఉందేమో చూడమనండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబు చెట్టు మీద నుంచి పడి మోచేయి విరిగింది. పుత్తూరు కట్టు కట్టించాం. మూడు వారాలకు విప్పారు. చేయి సగమే వంగుతోంది. రోజూ నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే సరిపోతుందంటున్నారు.
- కడప జిల్లా

జవాబు: మర్దన ఈ రోజే ఆపండి. దెబ్బతిన్న మోచేతిని పిసికినా, బలవంతంగా వంచినా, కండలోనే ఎముక పుట్టుకొస్తుంది. అప్పుడు చేయి ఉన్నచోటే ఆగిపోతుంది. పుత్తూరు కట్టుకు తరాల పేరుంది, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ మోచేతి ముందు నుంచే ముఖ్యమైన రక్తనాళమూ నరమూ పోతాయి. ఏ కట్టు కట్టినా వేళ్లు చల్లబడి, నీలమై, చాచబోతే పిల్లాడు కేకలు పెడితే, కట్టిన చోటికి తిరిగి పోయేదాకా ఆగకుండా అక్కడికక్కడే విప్పేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ గంటలు లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడైతే ఎక్స్‌రే తీయించి, ఎముక తిన్నగా అతికిందో లేదో ఎముకల డాక్టరుకు చూపించండి. అతికి ఉంటే పిల్లల మోచేయి కొన్ని నెలల్లో తనంతట తానే వదులవుతుంది. పెద్దవాళ్లు పట్టి వంచకూడదు, వాడే వంచుకోవాలి. ఆ చేత్తోనే మొహం కడుక్కోనివ్వండి, తల దువ్వుకోనివ్వండి. అన్నం దగ్గర జాలిపడి మీరు తినిపించకండి. ముద్ద నోటిదాకా రాకపోతే మొదట్లో వాడే తల కాస్త వంచి అందుకుంటాడు.