గిటారు గొంతు బాగుపడాలంటే



ఆదివారం దేవాలయంలో పాట మొదలవుతుంది. గిటారు మీటగానే స్పీకరులోంచి రేకుడబ్బా మీద కొట్టినట్టు చప్పుడు. "ఆ గిటారు ఆపు నాయనా, పాట మాటలు వినపడటం లేదు" అంటారు పెద్దలు. కుర్రవాడు తల దించుకుంటాడు. తప్పు అతని వేళ్ళది కాకపోవచ్చు. అప్పుచేసి మరో గిటారు కొనేముందు ఈ పాఠం చదవండి.

ఎలక్ట్రిక్ గిటారులో సాధారణంగా ఉండేది అయస్కాంత పికప్. అది ఉక్కు తీగ కదలికను పట్టుకుంటుంది. కొన్నిటిలో తీగలు ఆనే బ్రిడ్జిలో పీజో పికప్ కూడ ఉంటుంది. 1993లో వచ్చిన పార్కర్ ఫ్లై ఇలాంటిదే. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనుగొన్నారు. పీజో పనిచేసేది ఆ సూత్రం మీదనే.

అయితే ఆ విద్యుత్తు బహు స్వల్పం. విజయపురి సౌత్ వారికి సాగర్ కుడికాలువ తూములు తెలిసినవే. అంత జలాశయం గనుక తూము ఎత్తినా మట్టం నిలుస్తుంది. అదే తూము చిన్న కుంటకు పెడితే? పీజో ఆ కుంట వంటిది. మిక్సరు లైన్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 10 కిలో ఓమ్‌లే. అది పెద్ద తూము. మంద్రస్వరం కంపనం నెమ్మది. అది వినపడేలోగానే విద్యుత్తు జారిపోతుంది. కీచుదనమే మిగులుతుంది.

లెక్క చూడండి. పీజో కెపాసిటీ 1 నానోఫారడ్ అనుకుందాం. 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌లో సుమారు 16,000 హెర్ట్జ్‌కు దిగువ స్వరాలన్నీ క్షీణిస్తాయి. 1 మెగా ఓమ్‌కు ఆ హద్దు 160కి, 10 మెగా ఓమ్‌లకు 16కు దిగుతుంది. గిటారు లావు తీగ స్వరం 82 హెర్ట్జ్.

ఇక చేయవలసినవి:

1. పీజో కోసం గిటారు లోపలే ప్రీయాంప్ ఉంటే, ముందు దాని బ్యాటరీ మార్చి చూడండి.

2. లోపల లేకపోతే, ఇన్‌పుట్ 1 నుండి 10 మెగా ఓమ్‌లు ఉన్న ప్రీయాంప్ పెట్టండి. గిటారు నుండి దానిదాకా వైరు పొట్టిగా ఉండాలి.

3. ఎలక్ట్రిక్ గిటారు యాంప్ స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైన మందగిస్తుంది. కనుక ప్రీయాంప్ నుండి మిక్సరుకు, అక్కడినుండి దేవాలయపు స్పీకర్లకు ఇవ్వండి.

4. మిక్సరులో 80 హెర్ట్జ్‌కు దిగువ తగ్గించండి. గట్టిగా మీటినప్పుడు గరుకుగా ఉంటే 1,000–3,000 మధ్య కొద్దిగా తగ్గించండి. పెంచడం కంటె తగ్గించడమే మేలు.

5. ఒకరు వాయిస్తూంటే మరొకరు చివరి వరుసలో కూర్చుని వినండి.

ఇంత చేసినా చెక్కపెట్టె గిటారు నాదం యథాతథంగా రాదు. పీజో వినేది బ్రిడ్జి దగ్గరి ఒత్తిడినే. కాని తీగ తీగగా పలుకుతుంది, పాట మాట చివరి వరుసదాకా చేరుతుంది. ఈ శనివారం సాధనకు అరగంట ముందు వెళ్ళి, మొదటి మూడూ సరిచూసుకోండి. కుర్రవాణ్ణి తప్పుపట్టడం ఆ తరువాత!