తెగిపోయిన ఎర్త్ వైర్‌లో వోల్టేజ్ ఎందుకు కనిపిస్తుంది?

ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ మెటల్ బాడీ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? ముందు సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూడాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న బిట్రగుంట లాంటి ఊళ్లలో ఉప్పు గాలికి ఎర్త్ క్లాంపులు తుప్పు పట్టి, కనెక్షన్ తెలియకుండానే ఊడిపోవచ్చు.

అలా ఊడిన వైర్‌కి, న్యూట్రల్‌కి మధ్య డిజిటల్ మల్టీమీటర్ పెడితే 50, ఒక్కోసారి 100 వోల్టులు కూడా చూపిస్తుంది. పక్కనే 230 వోల్టుల ఫేజ్ వైర్ ఉండటంతో రెండూ కలిసి చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. ఛార్జర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు కూడా తోడైతే సుమారు సగం, అంటే 115 వోల్టులు రావచ్చు. కరెంట్ మాత్రం చాలా తక్కువ. ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంప్ పెట్టగానే రీడింగ్ దాదాపు సున్నాకి పడిపోతుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఇంట్లో సాకెట్ల ఎర్త్‌లన్నీ ఆ వైర్‌కే కలుస్తాయి. ఫ్రిజ్‌లో ఫేజ్ బాడీకి తగిలిందంటే, 230 వోల్టులు మీ ల్యాప్‌టాప్ బాడీ దాకా వచ్చేస్తాయి. ల్యాంప్ పెట్టినా వోల్టేజ్ తగ్గలేదంటే వెంటనే మెయిన్ ఆపేయండి. తగ్గినా సరే, ఎర్త్ బాగు చేయించి, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి.