మడ అడవిలో మెలకువ

కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరే సీమలో కోరింగ మడ అడవి వ్యాపించి ఉన్నది. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలకు, బావురుపిల్లులకు ఇది నెలవు. చెక్కవంతెనపై నడిచే సందర్శకులకు భయం లేదు. వంతెన దిగి లోపలికి పోయినవారి సంగతి వేరు.

కలకడ వంటి మెట్టసీమలో పెరిగినవారికి చెరువు అడుసు తెలుసు. వేసవిలో అది ఎండి బీటలు వారుతుంది. మడ అడవి బురద అట్లా ఎండదు. సముద్రపు పోటు రోజుకు రెండుమార్లు దానిని ముంచి పోతుంది. పోటుకూ పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. కనుక నిన్న నీరు తీసిన వేళకే నేడూ తీస్తుందని లెక్క వేయరాదు. దినదినమూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఊబిలో కాలు దిగబడినవాడు మొదట గింజుకుంటాడు. అదే ప్రమాదం. ఒక కాలు లాగబోయి రెండవదానిపై బరువు మోపితే అదీ లోతుకు పోతుంది. గజేంద్రమోక్షంలోని ఏనుగు బలహీనమైనదా? కాదు, అది నిలిచిన చోటు దానిది కాదు. నిజానికి బురద నీటికన్న బరువైనది గనుక మనిషి అందులో పూర్తిగా మునిగిపోడు. సినిమాలలో చూపేదంతా కల్పన. ప్రాణం తీసేది బురద కాదు, అందులో చిక్కుకొని ఉండగా వచ్చే పోటు. కాబట్టి భుజాన ఉన్న మూటను వదలి, వెల్లకిల వాలి, చేతులు చాచి, కాళ్ళను మెల్లమెల్లగా కదల్చాలి. నీరు లోనికి దిగి బురద పట్టు సడలుతుంది. ఆపై పాకుతూ గట్టి నేలకు చేరాలి.

అట్లని చేతికందిన కొమ్మనెల్ల పట్టుకోరాదు. తిల్లచెట్టు పాలు కంటబడితే మంట పుట్టి, కొంతకాలం చూపు కూడా పోవచ్చు. మడచెట్ల శ్వాసవేర్లు మేకులవలె పైకి లేచి ఉంటాయి, ఉత్తకాళ్ళతో నడవరాదు. దాహమైనా ఉప్పునీరు త్రాగరాదు. ఆ ఉప్పును వెడలగొట్టడానికి దేహం త్రాగినదానికన్న ఎక్కువ నీటిని పోగొట్టుకుంటుంది. పాము కరిస్తే గాటు పెట్టరాదు, బిగించి కట్టరాదు. ఆ అవయవాన్ని కదలనీయక ఆసుపత్రికి చేర్చాలి.

దారి తప్పినవారు నడక మానాలి. అక్కడి పాయలన్నీ ఒక్కతీరుగా కనిపిస్తాయి. పడవ ఉంటే దానిని విడువరాదు. లేకుంటే పోటు అందని మెరకపై, పాయలోనుండి కనబడేటట్లు కూర్చోవాలి. వెదకవచ్చే జాలరులు పాయల వెంబడే వస్తారు.