ఐరోపా దేశముల పొత్తు

ఐరోపా ఖండము విస్తీర్ణమున చిన్నది. కాని దాని చరిత్రలో యుద్ధములు లెక్కకు మిక్కిలిగా కలవు. రైను నదికి ఒక దరిని జర్మనీ, రెండవ దరిని ఫ్రాన్సునకు చెందిన ఆల్సేసు సీమ ఉన్నవి. ఆ సీమకు ముఖ్యపట్టణము స్ట్రాస్‌బర్గు. 1870 ఆరంభమున అక్కడ పుట్టిన బిడ్డ ఫ్రెంచి పౌరుడు. మరుసటి యేడు ఆ సీమ జర్మనీ వశమయ్యెను. 1918 లో మరల ఫ్రాన్సునకు దక్కెను. 1940 లో హిట్లరు సేనలు దానిని ఆక్రమించుకొనెను. 1944 చివర ఆ పట్టణము తిరిగి ఫ్రాన్సు చేతికి వచ్చెను. ఆ బిడ్డ డెబ్బది యైదేండ్లు బ్రతికియున్నచో, ఇల్లు కదలకయే నాలుగుమారులు ప్రభుత్వము మారుట చూచియుండును.

ఈ పోరాటములకు భూమిలోని సంపద కూడ ఒక కారణము. జర్మనీలోని రూరు ప్రాంతమున బొగ్గు మెండు. ఫ్రాన్సులోని లొరేను సీమలో ఇనుప ఖనిజము మెండు. ఈ రెండును కలిసిననే ఉక్కు. ఉక్కు ఉన్ననే ఫిరంగులు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన యైదేండ్లకు, 1950 మే 9 వ తేదీన, ఫ్రెంచి విదేశాంగ మంత్రి రాబర్టు షూమన్ ఒక ప్రతిపాదన చేసెను. రెండు దేశముల బొగ్గును, ఉక్కును ఒకే ఉమ్మడి అధికారము క్రింద నుంచిన యెడల, ఒక దేశము రెండవదానికి తెలియకుండ యుద్ధమునకు సిద్ధపడుట సాధ్యము కాదని అతని తలంపు. ఈ యోచనకు మూలపురుషుడు జీన్ మోనే యను ఫ్రెంచి మేధావి. షూమన్ జీవితమే ఈ కథకు తగినట్లున్నది: అతడు లక్సెంబర్గులో పుట్టెను, తండ్రి లొరేను వాడగుటచే తొలుత జర్మను పౌరుడు, మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిదపనే ఫ్రెంచి పౌరుడయ్యెను.

1951 ఏప్రిలు 18 వ తేదీన ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లండ్సు, లక్సెంబర్గు పారిసులో ఒడంబడిక చేసికొనెను. తొమ్మండుగురు సభ్యులు గల ఉన్నతాధికార మండలి ఏర్పడెను. అది చేయు నిర్ణయములకు ఆరు ప్రభుత్వములును బద్ధములు.

ఆ ఆరింటి పరిపాలనా పద్ధతులు ఒక్క తీరువి కావు. బెల్జియమునకు రాజు, నెదర్లండ్సునకు రాణి యుండిరి. ఇటలీ ప్రజలు 1946 లో ఓటు వేసి రాచరికమును తొలగించిరి. ఫ్రాన్సులో 1946 మొదలు 1958 వరకు సుమారు ఇరువది మంత్రివర్గములు ఏర్పడి కూలిపోయెను. అందుచే డిగాల్ కాలమున అధ్యక్షునికి విశేషాధికారము లిచ్చు క్రొత్త రాజ్యాంగము వచ్చెను. జర్మనీ దీనికి భిన్నమైన త్రోవ పట్టెను. అచ్చట అధ్యక్షుని పదవి అలంకారప్రాయము, పాలించువాడు ఛాన్సలరు. పార్లమెంటు అతనిని దించవలెనన్నచో, ముందుగా అతని స్థానమునకు మరియొకరిని ఎన్నుకొనితీరవలెను. మంత్రివర్గములు మాటిమాటికి పడిపోవుట హిట్లరునకు దారి తీసెనను చేదు అనుభవమే ఈ నియమమునకు కారణము. రాజు లుండవచ్చును, అధ్యక్షు లుండవచ్చును. నియంతకు మాత్రము ఈ పొత్తులో చోటు లేకుండెను. ఫ్రాంకో పాలించిన స్పెయిను 1962 లో తలుపు తట్టెను గాని, అతడు 1975 లో చనిపోయి, ప్రజాపాలన నెలకొనిన పిదప, 1986 లోనే లోనికి రాగలిగెను.

1957 నాటి రోము ఒడంబడికతో ఈ పొత్తు సకల వస్తువులకును వ్యాపించెను. 1968 జూలై నాటికి ఆరు దేశముల నడుమ సుంకములు లేకపోయెను. 1992 లో సంతకమైన మాస్‌ట్రిక్టు ఒడంబడికతో దీనికి ఐరోపా యూనియను అను పేరు వచ్చెను. 2002 లో యూరో నాణెములు, నోట్లు జనుల చేతికి వచ్చెను. ఆ నోట్లమీది వంతెనలు ఏ దేశమునవియు కావు. ఎవరికిని అసూయ కలుగకుండ చిత్రకారుడు వానిని ఊహించి గీసెను!

వంతెనలను ఊహించుట సులభము. ఖజానా మాట వేరు. భారతదేశమున రూపాయి ఒక్కటే. కేంద్ర ప్రభుత్వము పన్నులు వసూలు చేసి, ఆర్థిక సంఘము సిఫారసు ననుసరించి రాష్ట్రములకు పంచును. ఐరోపాలో యూరోను నడపు బ్యాంకు ఫ్రాంక్‌ఫర్టున ఉన్నది; పన్నులు మాత్రము ఏ దేశమునవి ఆ దేశమునవే. యూనియను బడ్జెటు సభ్యదేశముల మొత్తపు ఆదాయములో నూటికి ఒక వంతు మాత్రమే. గ్రీసు అప్పులలో మునిగినప్పుడు ఈ లోపము బయటపడెను. 2010 లో తక్కిన దేశములు అప్పిచ్చెను. బదులుగా జీతములు, పింఛనులు తగ్గింపుమనెను. 2013 నాటికి అచ్చట పని కోరు వారిలో నూటికి ఇరువది యేడుగురు నిరుద్యోగులు. 2015 జూలైలో గ్రీకు ప్రజలు ఆ షరతులను ఓటుతో త్రోసిపుచ్చిరి. అయినను, కొలది దినములలోనే వారి ప్రభుత్వము కఠినమైన షరతులకు తలయొగ్గెను. గ్రీకుల ఓటు ప్రజల తీర్పే. కాని అప్పిచ్చిన దేశములలోను ప్రజలు, ఓట్లు కలవు. న్యాయ మెవరి పక్షమున నున్నదో ఒక్క మాటలో తేల్చుట కష్టము.

బ్రిటను 1973 లో చేరినను, తన పార్లమెంటుపై మరియొక శాసనము చెల్లుట అచ్చటి వారిలో పలువురకు రుచింపలేదు. 2016 జూన్ 23 న నూటికి దాదాపు ఏబది యిద్దరు విడిపోవలెనని ఓటు వేసిరి. 2020 జనవరి 31 న బ్రిటను వెలుపలికి వచ్చెను. మిగిలిన సభ్యదేశములు 27. ఇక ఐర్లండు ద్వీపమున చిక్కు వచ్చెను. ఆ ద్వీపమున దక్షిణ భాగము యూనియనులోని గణతంత్రము. ఉత్తర భాగము బ్రిటనుది. వాని నడుమ సుంకపు ఠాణాలు మరల వెలసినచో, 1998 ఒడంబడికతో చల్లారిన కలహము తిరిగి రగులునేమో యను భయము పుట్టెను. అందుచే తనిఖీని సముద్రతీరమునకు మార్చిరి. నేడు ఇంగ్లండు రేవున ఓడ యెక్కి బెల్‌ఫాస్టు చేరు సరకు ఒకే రాజ్యములో ప్రయాణించుచున్నను, అది ఉత్తర ఐర్లండుననే నిలుచునో, గణతంత్రములోనికి పోవునో ముందుగా పత్రములలో తెలుపవలసియున్నది.