బిడ్డ క్యాన్సర్ చికిత్సకు హైదరాబాద్ వెళ్తున్నారా? దారి ఖర్చు తగ్గించుకునే మార్గాలు ఇవీ

బిడ్డకు క్యాన్సర్ అని తెలిసిన రోజు తల్లిదండ్రులకు ముందు వచ్చే భయం ప్రాణం గురించి. ఆ వెంటనే వచ్చేది పైసల గురించి. వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీలో పోతుందని చాలామందికి తెలుసు. కానీ పదే పదే తిరిగే దారి ఖర్చు, పట్నంలో ఉండే చోటు, పోయిన కూలి గురించి ముందుగా ఎవరూ చెప్పరు. ఈ పాఠం వాటి గురించే.

మధ్యలో ఎందుకు ఆపకూడదు?

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఒక రకం రక్త క్యాన్సర్. దీనికి చికిత్స రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. మొదటి నెలలు కష్టం. తర్వాత చాలాకాలం ఇంటి దగ్గరే మాత్రలు వేసుకుంటూ, డాక్టర్ చెప్పిన తేదీల్లో ఆస్పత్రికి వెళ్లి రావాలి. బిడ్డ మొహం తేటపడగానే "ఇప్పుడు బాగానే ఉంది కదా, వచ్చే నెల పోదాం" అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, అప్పుడు వైద్యం ఇంకా కష్టమవుతుంది. పూర్తి చికిత్స అందితే నయమయ్యే పిల్లలే ఎక్కువ. అందుకే దారి ఖర్చును మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టుకోండి.

1. ఆరోగ్యశ్రీ

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. 2023 డిసెంబర్ 9న ఈ పరిమితిని 5 లక్షల నుంచి పెంచారు. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు వెళ్లండి. రేషన్ కార్డు, బిడ్డ ఆధార్, పాత రిపోర్టులు చూపించండి. డిశ్చార్జి రోజున ఇంటికి వెళ్లే దారి చార్జీ సంగతి కూడా ఆరోగ్యమిత్రనే అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

బిడ్డ పేరు రేషన్ కార్డులో లేదా? చేర్చమని మీసేవలో దరఖాస్తు పెట్టండి. అయితే దాని కోసం ప్రయాణం మాత్రం వాయిదా వేయకండి. సంగతి ఆరోగ్యమిత్రకు చెప్పండి.

2. ఆర్టీసీ బస్సు

మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు, మహిళలకు రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకూ ఇది వర్తిస్తుంది. సూపర్ లగ్జరీకి, మెట్రో రైలుకు వర్తించదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి.

3. రైలు

క్యాన్సర్ రోగి చికిత్సకో, చెకప్‌కో వెళ్లేటప్పుడు రైల్వే రాయితీ ఇస్తుంది. వెంట వెళ్లే ఒక్కరికి కూడా ఇస్తుంది.

• స్లీపర్, థర్డ్ ఏసీ: రోగికి 100 శాతం, తోడు మనిషికి 75 శాతం
• సెకండ్ క్లాస్: ఇద్దరికీ 75 శాతం
• సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీ: ఇద్దరికీ 50 శాతం

రాయితీ మూల చార్జీ మీదే. రిజర్వేషన్ లాంటి చార్జీలు వేరు. తత్కాల్ టికెట్‌కు రాయితీ లేదు. ఫోన్‌లో బుక్ చేస్తే రాదు, స్టేషన్ కౌంటర్‌లోనే తీసుకోవాలి.

కావాల్సింది ఒక్కటే: క్యాన్సర్ ఆస్పత్రి డాక్టర్ రైల్వే నమూనాలో ఇచ్చే సర్టిఫికెట్. అందులో బిడ్డ పేరు, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, డాక్టర్ సంతకం, ఆస్పత్రి ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. కొట్టివేతలు ఉంటే కౌంటర్‌లో తిప్పి పంపవచ్చు. ప్రయాణంలో దాన్ని దగ్గరే ఉంచుకోండి.

ఒక లెక్క చూద్దాం

ఆదిలాబాద్ నుంచి ఒక తల్లి, 13 ఏళ్ల కూతురు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి వస్తున్నారనుకుందాం. లెక్క కోసం మూల చార్జీ జనరల్‌లో 120 రూపాయలు, స్లీపర్‌లో 240 రూపాయలు అనుకోండి.

జనరల్‌లో: కూతురికి 30, తల్లికి 30. మొత్తం 60.
స్లీపర్‌లో: కూతురికి సున్నా, తల్లికి 60. మొత్తం 60, రిజర్వేషన్ చార్జీ అదనం.

దాదాపు అవే పైసలకు బిడ్డ పడుకుని వస్తుంది, జనం తోపులాట ఉండదు. కీమో తర్వాత ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎక్స్‌ప్రెస్ బస్సులో వస్తే ఇద్దరికీ ఉచితమే. కానీ దాదాపు 300 కిలోమీటర్లు కూర్చునే రావాలి. బిడ్డ ఓపిక చూసి నిర్ణయించుకోండి. తండ్రి కూడా వస్తే ఆయనకు పూర్తి చార్జీ పడుతుంది.

4. ఉండే చోటు

రోజూ ఇల్లు, ఆస్పత్రి తిరగడం కుదరకపోతే ఆస్పత్రిలోని సామాజిక కార్యకర్తను కలవండి. క్యాన్సర్ పిల్లలకు, తల్లిదండ్రులకు ఉచితంగా వసతి ఇచ్చే సెయింట్ జూడ్ కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. నేరుగా వెళ్తే చేర్చుకోరు, ఆస్పత్రి నుంచి చీటీ ఉండాలి. చికిత్స మొదలైన రోజే అడిగి పెట్టుకోండి.

దారిలో జాగ్రత్తలు

• బిడ్డకు మాస్క్ పెట్టండి. కాచి చల్లార్చిన నీళ్లు, ఇంట్లో వండిన తిండి తీసుకెళ్లండి.
• మందుల చీటీ, తాజా రక్త పరీక్ష రిపోర్టు ఒకే సంచిలో ఉంచండి. వాటి ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి.
• జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే దాకా ఆగొద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించొద్దు. ఆస్పత్రికి ఫోన్ చేయండి, అవసరమైతే 108 పిలవండి.
• ఇంటి దగ్గర ఉన్న మిగతా పిల్లలను ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. చాలా ఇళ్లల్లో ప్రయాణం ఆగిపోయేది ఇక్కడే.
• సర్టిఫికెట్ ఇప్పిస్తామని పైసలు అడిగే దళారుల మాట నమ్మొద్దు.

బయలుదేరే ముందు చూసుకోండి

రేషన్ కార్డు, ఇద్దరి ఆధార్, రైల్వే సర్టిఫికెట్, రిపోర్టులు, వచ్చేసారి తేదీ రాసిన చీటీ.

ఆరోగ్యశ్రీ సందేహాలకు 104, రైలు సందేహాలకు 139. మీ ఊళ్లో ఇలాంటి కష్టంలో ఉన్న ఇల్లు ఇంకొకటి ఉంటే ఈ కాగితం వాళ్లకూ పంపండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.