యుద్ధపు బండ్లు – పంచాయతీ బాటలు

బాట వేయించుట, మోరీ కట్టించుట, వాగుమీది చప్టాను బాగుచేయించుట గ్రామపంచాయతీ సభ్యులకు తప్పని పనులు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము గ్రామపు బాటల నిర్మాణమును, మరమ్మతులను పంచాయతీ విధులలో చేర్చినది. అయితే ఆ బాటపై నడచు బండి ఎట్టిదో, అది నేలను ఎంత బలముగా నొక్కునో తెలియనిదే బాటను కాపాడుట కష్టము. ఈ విషయమున మనకు మంచి పాఠము చెప్పగలవి సైన్యపు బండ్లు. బురదలో దిగబడని బండి కొరకు, నీటిని దాటగల బండి కొరకు సైనికులు పడినంత శ్రమ మరెవ్వరును పడలేదు. ఆ బండ్లలో కొన్ని యుద్ధమునుండి గ్రామమునకు వచ్చినవి. కొన్ని పొలమునుండియే యుద్ధమునకు పోయినవి.

యుద్ధమునుండి వచ్చినవానిలో మనకు బాగుగా తెలిసినది జీపు. 1940వ సంవత్సరమున అమెరికా సైన్యము తేలికయైన, గట్టియైన చిన్నబండి కావలెనని కంపెనీలను కోరగా, బాంటమ్ అను చిన్న కంపెనీ 49 దినములలో మొదటి నమూనాను చేసి ఇచ్చినది. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. 1947లో మహీంద్రావారు బొంబాయిలో జీపులను బిగించుట ప్రారంభించిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన పిమ్మట జీపు బ్లాకు అధికారుల బండి అయినది. 1959లో మన రాష్ట్రమున పంచాయతీరాజ్యము వచ్చినప్పుడు అదియే సమితి జీపు. సినిమా యంత్రమును, జనరేటరును, లౌడుస్పీకరును మోసికొని మా శాఖవారి ప్రచార వాహనములును ఆ బాటలవెంటనే గ్రామములకు వచ్చెడివి. వాని వెనుక పరుగెత్తిన పిల్లలు నేడు ఊరి పెద్దలు.

జీపు గొప్పతనము వేగములో లేదు. ఆనాటి మామూలు మోటారులో ఇంజను బలము రెండు చక్రములకే అందును. జీపునకు నాలుగు చక్రములకును అందును. ఒక చక్రము బురదలో ఊరక తిరుగుచున్నను, మిగిలినవి నేలను పట్టి బండిని లాగును. వాన కురిసిన మరునాడు పల్నాటి రేగడిలో నడచిన వారికి ఈ ఏర్పాటు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పట్టు ఒకటే చాలదు. నేల బండిని మోయవలెను గదా! ఒకే బలముతో సూదిని నొక్కిన గుచ్చుకొనును. గరిటె కాడను నొక్కిన గుచ్చుకొనదు. బలము ఎంత చోట పంచబడినదను దానిపై అంతయు ఆధారపడియుండును. టైరులో ఎంత గాలి పీడనము ఉన్నదో, ఇంచుమించు అంత పీడనముతోనే అది నేలను నొక్కును. ట్రాక్టరు వెనుక టైరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో, కారు టైరు రెండు కిలోలు నొక్కగా, నాపరాళ్లు నింపిన లారీ టైరు ఏడు కిలోల వరకు నొక్కును. 40 టన్నులకు మించిన టి-72 యుద్ధట్యాంకో, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కూడ నొక్కదు! నడచుచున్న ఎద్దు గిట్ట అంతకన్న ఎక్కువగానే నొక్కును.

దీనికి కారణము ట్యాంకు చక్రములకు చుట్టిన వెడల్పాటి ఇనుపపట్టా. అది తన దారిని తానే పరచుకొని, తానే చుట్టుకొని పోవును. ఇది సైనికులు కనిపెట్టినది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మెత్తని నేలలలో ఆవిరి ట్రాక్టర్లు దిగబడుచుండగా, బెంజమిన్ హోల్ట్ అను యంత్రకారుడు 1904లో చక్రములు తీసి పట్టాలు తొడిగి పొలములో నడిపి చూచెను. గొంగళిపురుగు అను అర్థమునిచ్చు కేటర్‌పిల్లర్ అను పేరు దానికి వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధమున అట్టి ట్రాక్టర్లు ఫిరంగులను లాగినవి. వానినుండియే పట్టాలబండిపై కవచము తొడుగు ఆలోచన బ్రిటిషువారిలో బలపడినది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో ట్యాంకులు మొదటిసారి యుద్ధమున దిగినవి. రహస్యము బయటపడకుండుటకు వానిని నీళ్లట్యాంకులని చెప్పుకొనిరి. ఆ పేరే స్థిరపడినది. నేడు చెరువు పూడిక తీయు బుల్డోజరు ఆ పట్టాలబండి సంతతిలోనిదే.

ఇక మన ఊరి సంగతి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలబడిన తరువాత, కుడికాలువ క్రింద వరిపొలములు పెరిగినవి. కాలక్రమమున దమ్ము చేయుటకు అరకలు పోయి ట్రాక్టర్లును, వానికి ఇనుప దమ్ముచక్రములును వచ్చినవి. పొలములో దీనికి సాటి లేదు. అడ్డకమ్ములు బురదలో దిగి, అడుగున ఉన్న గట్టినేలను పట్టి, మట్టిని చిలికివేయును. అదే చక్రము రోడ్డెక్కినప్పుడు కథ మారును. గట్టినేలపై ఒకటి రెండు కమ్ముల అంచులు మాత్రమే ఆనును. ట్రాక్టరు బరువులో పెద్దభాగము ఆ సన్నని అంచులపై పడును. ఉలి వెనుక ఉలి పెట్టి కొట్టినట్లు తారు తెగును, సిమెంటు పెచ్చులు లేచును. ఆ గంట్లలో వాననీరు నిలుచును. మిగిలిన పని లారీ చూచుకొనును.

సైన్యము ఏమి చేయుచున్నదో చూడుడు. అంత మెత్తగా నొక్కు ట్యాంకునైనను దూరప్రయాణమున రోడ్డుమీద నడిపించుకొని పోరు. రైలుమీదనో, పెక్కు చక్రముల ట్రెయిలరుమీదనో ఎక్కించి తీసికొనిపోవుదురు. రోడ్డునకును మేలు, పట్టాలకును మేలు. యుద్ధట్యాంకునకు లేని తొందర దమ్ముచక్రమునకు ఎందుకు?

రైతు సమాధానము మనకు తెలిసినదే. కాలువనీరు వంతుల ప్రకారము వచ్చును. ట్రాక్టరు ఒక పొలమునుండి మరొక పొలమునకు పోవలెను. ప్రతిసారి చక్రములు విప్పి బిగించుటకు మనుషులు, సమయము కావలెను. ఈ మాటలో నిజము లేకపోలేదు. కనుక జరిమానా ఒక్కదానినే నమ్ముకొనరాదు. పైగా ట్రాక్టరు యజమాని సభ్యునికి బంధువో, ఒక్కొక్కప్పుడు సభ్యుడే అయియుండుటయు కద్దు! దమ్ములకు నెలరోజులు ముందుగా గ్రామసభకు ట్రాక్టరు యజమానులను పిలిపించి దారులు నిర్ణయించుట మంచిది. మట్టిడొంక ఉన్నచోట ఇనుపచక్రములను ఆ డొంకవెంటనే నడపవలెను. డొంక లేనిచోట చక్రములను ట్రక్కులో వేసికొనిపోయి పొలముగట్టున బిగించుకొనవలెను. ఇందుకై కాలువగట్టున ఒక చదునైన చోటును, ఉమ్మడి జాకీని, పానాలను ఏర్పాటుచేసినచో పని తేలికయగును. టైరు ప్రక్కన బిగించు సగము వెడల్పు దమ్ముచక్రములును కలవు. వాని వ్యాసము టైరుకన్న తక్కువగా ఉన్నచో, రోడ్డుపై టైరే ఆనును. ఇనుము పైననే ఉండును.

బాట ఎంత బాగున్నను, వాగు పొంగినప్పుడు అది చప్టా దగ్గర ఆగిపోవును. మాచర్లలో చంద్రవంక, కారెంపూడిలో నాగులేరు ఎగువ వానకు ఎంత త్వరగా పొంగునో అక్కడివారు ఎరుగుదురు. ట్రాక్టరు పెద్దబండి, దానికేమగునని తోలుకొనిపోవువారు కలరు. నీటిని దాటు బండి నిజముగా ఎట్లుండునో తెలిసికొనవలెనన్న, ఉమ్మడి మెదక్ జిల్లా ఎద్దుమైలారమున 1984లో స్థాపింపబడిన ఆయుధకర్మాగారమున తయారైన శరత్ అను బండిని చూడవలెను. సుమారు 14 టన్నుల బరువుండియు అది నీటిపై తేలి గంటకు 7 కిలోమీటర్లు పోగలదు. దాని అడుగు పడవవలె నీరు చొరకుండ మూయబడియుండును. నీటిలో దిగుటకు ముందు ముందరి పలకను పైకి లేపి, లోన చేరు నీటిని తోడు పంపులను సిద్ధము చేసికొందురు. ఇంత చేసియు మహాప్రవాహమున దానిని దింపుటకు సైనికులు జంకుదురు.

మన ట్రాక్టరుకు ఇవేవియు లేవు. గాలి నిండిన పెద్ద టైర్లు నీటిలో బండి బరువును తేలికచేయును, పట్టు తగ్గును. వెనుకనున్న ట్రక్కు వెడల్పైనది. ప్రవాహము దానిని ప్రక్కనుండి నెట్టి, ట్రాక్టరును కూడ ఈడ్చుకొనిపోవును. రెండడుగుల పారునీరు చాలావరకు కార్లను తేల్చివేయును. ఆటో సంగతి చెప్పనేల? నాట్లకు, పత్తితీతకు పోయివచ్చు కూలీలు ఆ ట్రక్కులోనే కూర్చుండియుందురు. వారిలో ఎక్కువమంది స్త్రీలు.

చప్టాకు ఇరుప్రక్కల అరయడుగు గుర్తులు పెట్టిన రాళ్లు పాతించుట పెద్ద ఖర్చు కాదు. చప్టా అంచు కనిపించనంతగా నీరు పారుచున్నప్పుడు రెండు గట్లను అడ్డుకట్టి, నీరు తగ్గువరకు ఒక్కొక్క మనిషిని కాపుంచవలెను. రాళ్లు పాతుటకు వేసవియే అనువైనది. అప్పుడు చప్టా అడుగు కంటికి కనిపించును. పోయిన వానలలో కోసికొనిపోయిన అంచు లెక్కడెక్కడ ఉన్నవో కూడ చూచుకొని పూడ్పించవచ్చును.